అసలు, కొసరు

ఈ కరూ మైదానంలో సెల్‌ఫోన్ మోగకూడదు,
మైక్రోవేవ్‌లో పాలు కాచుకోకూడదు.
అరవై పైచిలుకు తెల్లటి గిన్నెలు
ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంటాయి.
వాటి చెవికి మన గుసగుస కూడా గోల.

నేను ఆ క్యాంపు వంటమనిషిని, ఫ్రెడరీకాని.
గ్యాస్ పొయ్యి, మూడు కాళ్ల ఇనప కుండ, గొర్రె మాంసం.
నా దగ్గర మోగేది గరిటె ఒక్కటే.

నోబెసుతు రాత్రి షిఫ్టు దిగి
కాఫీ అడగదు ముందు.
నా పిండి బల్ల మీద కాగితం పరుస్తుంది.
ఒక గీత.
లేస్తుంది. ఆ తర్వాత వాలాలి.
వాలదు.

"ఇదొక గెలాక్సీ. వెలుగంతా నడిమధ్యే.
అంచున పలచటి హైడ్రోజన్ తప్ప ఏమీ లేదు.
దూరం పోయేకొద్దీ నెమ్మదించాలి కదా,
ఎంత దూరం పోయినా అదే పరుగు."

ఆ పరుగుకి కూలి ఇచ్చేదెవరు?
ప్లేట్లు కడుగుతూ అందరి జవాబూ విన్నాను:
కనబడని సరుకేదో ఉందట.
వెలగదు, నీడ పడదు,
కనబడేదానికి ఐదింతలట.
అసలు కంటే కొసరెక్కువ.
భూమి లోతుల్లో తొట్లు పెట్టి
ఏళ్ల తరబడి కాపలా కాస్తున్నారు దానికోసం.
ఇంకా తలుపు తట్టలేదు.

నోబెసుతు గొంతు తగ్గిస్తుంది,
కులం తప్పిన మాటేదో చెప్పబోతున్నట్టు:
"సరుకే లేదేమో ఫ్రెడరీకా.
అంత దూరాన సూత్రమే వేరేమో."

సూత్రాలు నాకు రావు. ఉప్పు వచ్చు.
నలుగురి కుండకి ఒక చెంచా.
నాలుగు వందల మంది పెళ్లికి
లెక్క ప్రకారం నూరు చెంచాలు వేసిన మా చిన్నత్త కూర
కుక్కలు కూడా ముట్టలేదు.
వంట పుస్తకం అబద్ధం చెప్పలేదు,
అంత కుండలో ఎవరూ వండి చూడలేదు, అంతే.

ఇది చెబితే నవ్వి నవ్వి కాఫీ ఒలకబోసుకుంది.
తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.

మా ఆయన సారెల్ గాలిమరల మేస్త్రీ.
మొన్న ఆదివారం ఆమెని తీసుకెళ్లాం.
గడ్డిపోచ కదలడం లేదు,
పైన రేకుల చక్రం మాత్రం
నిద్రలో నడిచేవాడిలా తిరుగుతోంది.
"మనకి తగలని గాలి ఉందా పైన?" అంది.
సారెల్ టోపీ తీసి తల గోక్కున్నాడు.
"ఉండొచ్చు. లేకపోతే ఇరుసు తీరే అంతేమో.
పెనుగాలికి ఒక లెక్క, ఊపిరంత గాలికి ఇంకో లెక్క.
ఇరవై ఏళ్లుగా గ్రీజు పూస్తున్నా,
దాని గుణం నాకే పూర్తిగా తెలీదు."

తిరుగు దారిలో, దుమ్ములో, చెప్పింది:
రాలే పండుకి భూమి ఇచ్చే ఊపుని
ఎనిమిది వేల కోట్ల వంతులు చేస్తే
అందులో ఒక్క వంతు.
ఏ గెలాక్సీకైనా అదే గడప.
అది దాటి బలహీనపడితే
లాగుడు మాట మారుస్తుందని ఆమె అనుమానం.

"ఒకప్పుడు యురేనస్ తడబడింది.
కనబడని గ్రహం ఉందన్నారు, నెప్ట్యూన్ దొరికింది.
బుధుడు తడబడ్డాడు.
అప్పుడూ గ్రహమే అన్నారు.
ఆలూ లేదు చూలూ లేదు, పేరు కూడా పెట్టేశారు.
చివరికి మారింది సూత్రం.
ఇప్పుడు మనముందున్నది నెప్ట్యూనో, బుధుడో."

"నువ్వేమంటావు?" అడిగాను.

చాలాసేపు కిటికీలోంచి ముళ్లపొదల్నే చూసింది.
"గెలాక్సీలు గుంపులు కట్టిన చోట
నా సూత్రం కూడా చాలదు ఫ్రెడరీకా.
ఎంత కట్టినా అప్పు మిగులుతోంది.
మా గురువుగారు అదే ఎత్తి చూపుతారు,
నిజమే చెబుతారు,
అందుకే కోపం."

పొద్దున వ్యాను ఎక్కి వెళ్లిపోయింది.
కాగితం పిండి బల్ల మీదే మర్చిపోయింది,
గీత ఇంకా వాలలేదు.

రొట్టెలు ఇవాళ
పక్కకి జరిగి ఒత్తాను.